దేవనహళ్ళి దాటాక ఇంకా నలభై కిలోమీటర్లు

అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, గోరంట్ల వైపు ఎవరికైనా తలకు గట్టి దెబ్బ తగిలిందంటే ఇంట్లో ముందుగా వినిపించే మాట ‘బెంగళూరు తీసుకుపోదాం’. బెంగళూరంటే వాళ్ళ ఉద్దేశం మెదడు, నరాల ఆసుపత్రి నిమ్‌హాన్స్. అంబులెన్సు 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటి దేవనహళ్ళి చేరేసరికి వెంట ఉన్నవాళ్ళు ‘వచ్చేశాం’ అనుకుంటారు. కానీ నిమ్‌హాన్స్ ఊరికి ఆ చివర, దక్షిణాన, హోసూరు రోడ్డు మీద ఉంది. దేవనహళ్ళి నుంచి ఇంకా నలభై కిలోమీటర్ల పైనే వెళ్ళాలి. ఎలహంక, హెబ్బాళ దాటి నగరం నడిబొడ్డు ట్రాఫిక్‌లోంచి పోవాలి.

ఈ దారి రోగులను మోసుకుపోవడమే కాదు, రోగులను తయారు చేస్తుంది కూడా. 2008 మే 24న దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం తెరిచారు. రోడ్డు వెడల్పయింది, వేగం పెరిగింది, చుట్టూ అపార్టుమెంట్లూ గోదాములూ లేచాయి. అంటే బైకుల మీంచి పడేవాళ్ళూ, సారవల మీంచి పడేవాళ్ళూ ఒకే ప్రాంతంలో పోగయ్యారు. 2023 అక్టోబరు 26 తెల్లవారుజామున చిక్కబళ్ళాపురం దగ్గర, పొగమంచులో, ఆగి ఉన్న ట్యాంకరును ఒక టాటా సుమో ఢీకొని 13 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది పండగ చూసుకుని గోరంట్ల వైపు నుంచి బెంగళూరు పనులకు తిరిగి వస్తున్న కూలీలు. బెంగళూరులో తల గాయాలను ఏళ్ళ తరబడి లెక్కగట్టిన నిమ్‌హాన్స్ ఎపిడెమియాలజిస్టు డాక్టర్ జి. గురురాజ్ పరిశోధనల ప్రకారం సుమారు 60 శాతం గాయాలకు కారణం రోడ్డు ప్రమాదాలే. మరో 20–25 శాతం కింద పడడం వల్ల, 10 శాతం దాకా కొట్లాటల వల్ల జరుగుతాయి.

ఆపరేషన్ థియేటరు తలుపు ముందు నిలబడ్డ ప్రతి కుటుంబం అడిగే ప్రశ్న ఒకటే: ‘సార్, ఆపరేషన్ చేస్తే బతుకుతాడా?’ ఆ ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉంది. అంతా సర్జన్ చేతిలోనే ఉందని. మెదడు, వెన్నుపాము విషయంలో ఇది సగమే నిజం. కత్తి పట్టకముందు దారిలో జరిగినదీ, కుట్లు విప్పాక ఇంట్లో జరిగేదీ ఫలితాన్ని ఎంత మారుస్తాయో మనవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. ఈ అధ్యాయం అందుకోసమే.

రెండో దెబ్బ

బతికున్న మెదడు గట్టి పదార్థం కాదు. కుండలో తోడుకున్న గడ్డపెరుగు లాంటిది. కుండ గోడకు కొట్టుకుంటే కుండ పగలకపోయినా లోపల పెరుగు విరుగుతుంది. రోడ్డు మీద తల తగిలిన క్షణంలో జరిగేది అదే. కొన్ని నరాల పోగులు అక్కడికక్కడే తెగుతాయి, మెదడు నలుగుతుంది. ఇది మొదటి దెబ్బ. దీన్ని ఏ సర్జనూ వెనక్కి తిప్పలేడు.

రెండో దెబ్బ ఆ తర్వాతి గంటల్లో పడుతుంది. పుర్రె సాగదు. ఎడిన్‌బరోలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన అలెగ్జాండర్ మన్రో 1783లోనే ఈ సంగతి రాశాడు. ఆ మూసిన డబ్బాలో మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే ద్రవం తప్ప ఇంకో వస్తువుకు చోటు లేదు. రక్తం గడ్డ కట్టినా, మెదడు వాచినా, మొదట ఆ ద్రవం, సిరల్లోని రక్తం పక్కకు తప్పుకుని చోటిస్తాయి. ఆ వెసులుబాటు అయిపోయాక ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. రక్తం పైకి ఎక్కలేకపోతుంది. అప్పటిదాకా బాగున్న మెదడు భాగం కూడా ఊపిరాడక చస్తుంది.

దీనికి అందరూ తెలుసుకోవాల్సిన ఉదాహరణ ఒకటుంది. కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది. దాని లోపలి వైపు ఒక ధమని ఎముకను అంటిపెట్టుకుని పోతుంది. బైకు మీంచి పడ్డ కుర్రాడికి అక్కడ ఎముక చిట్లితే ఆ ధమని తెగుతుంది. పడగానే రెండు నిమిషాలు స్పృహ తప్పుతుంది. తర్వాత లేచి కూర్చుంటాడు. పేరు చెబుతాడు, బండి ఎవరు తెచ్చారని అడుగుతాడు, అమ్మకు ఫోన్ చేసి ‘ఏం కాలేదులే’ అంటాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం మాత్రం చేరుతూనే ఉంటుంది. గంటో రెండు గంటలో గడిచాక తలనొప్పి, వాంతులు, మగత. ‘అలసిపోయాడు, పడుకోనీండి’ అని పక్క దులిపేది సరిగ్గా అప్పుడే. ఆ నిద్రలోంచి లేపితే లేవడు. ఒక కంటిపాప పెద్దదై ఉంటుంది, టార్చి వేసినా ముడుచుకోదు. ఈ గడ్డను వేళకు తీసేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు, మెదడు లోపల పెద్దగా నలగదు కాబట్టి. తలలో జరిగే ప్రమాదాల్లో ఇంత సులువుగా ప్రాణం నిలబెట్టగలిగింది మరొకటి లేదు. ఇంత సులువుగా ప్రాణం పోగొట్టుకునేదీ మరొకటి లేదు.

మెదడును ఆనుకునే రక్తం చేరే రకం ఇంకా క్రూరమైనది. 1981లో అమెరికాలోని వర్జీనియాలో సీలిగ్ బృందం 82 మంది ఇలాంటి రోగులను పరిశీలించింది. నాలుగు గంటల లోపల ఆపరేషన్ జరిగినవాళ్ళలో 30 శాతం మంది చనిపోయారు. నాలుగు గంటలు దాటినవాళ్ళలో 90 శాతం మంది. తర్వాతి పరిశీలనలు చాలావాటిలో తేడా ఇంత భయంకరంగా కనిపించలేదు, నిజమే. గాయం ఎంత తీవ్రం, వయసెంత అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. అయినా ఆ నాలుగు గంటల మాట పట్టుకుని అనంతపురం నుంచి బెంగళూరుకున్న రెండు వందల పైచిలుకు కిలోమీటర్లను చూడండి. జిల్లా ఆసుపత్రిలో కాగితాలు, అంబులెన్సు కోసం వెతుకులాట, దారి, చివర హెబ్బాళ దగ్గర ఆగిపోయిన వాహనాలు. నాలుగు గంటలు దేవనహళ్ళి దగ్గరే తీరిపోతాయి.

వేగం ఒక్కటే సరిపోదు. గ్లాస్గోలో 1978లో, తల గాయంతో చనిపోయినవాళ్ళ మెదళ్ళను కోసి చూస్తే పదింట తొమ్మిదింటిలో రక్తం అందక చచ్చిన భాగాలు కనిపించాయి. 1993లో చెస్నట్ బృందం 717 మంది తీవ్ర గాయాల రోగుల వివరాలు పరిశీలించింది. పై బీపీ ఒక్కసారి 90 కన్నా కిందికి పడినవాళ్ళలో మరణాలు రెట్టింపుకు మించి పెరిగాయి. కాలు విరిగి రక్తం పోతున్న మనిషిని సెలైన్ లేకుండా, ఆక్సిజన్ లేకుండా, ఒమ్నీ వ్యానులో తల ఒళ్ళో పెట్టుకుని నూట ఇరవై మీద తోలుకొచ్చినంత మాత్రాన మెదడును కాపాడినట్టు కాదు. నిమ్‌హాన్స్ గేటు దగ్గరికి మనిషి వస్తాడు, మెదడు దారిలోనే మిగిలిపోతుంది.

అందుకని నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. దగ్గర్లో ఉన్న, ఊపిరి గొట్టం వేయగల, రక్తం ఎక్కించగల, సీటీ స్కాన్ తీయగల ఆసుపత్రి దగ్గర ముందు ఆగాలి. అక్కడ న్యూరోసర్జన్ ఉంటే అక్కడే ఆపరేషన్ చేయించుకోవాలి. కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, తిరుపతి స్విమ్స్‌లోనూ న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. గడ్డ తీసే థియేటరు అరగంట దూరంలో ఉండగా, పేరు గొప్పదని ఐదు గంటల దూరం పోవడం ప్రేమతో చేసే పొరపాటు. న్యూరోసర్జన్ లేకపోతే మాత్రం స్కాన్ అయిన మరుక్షణం, 108 లాంటి సామగ్రి ఉన్న అంబులెన్సులో, ఫోన్ చేసి చెప్పి మరీ కదలాలి.

మూడు నుంచి పదిహేను

ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళకు ఒక మాట తరచూ వినిపిస్తుంది: ‘జీసీఎస్ ఏడు ఉంది’. బెంగళూరులో నిమ్‌హాన్స్ ఏర్పడిన 1974లోనే, గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ స్పృహ ఎంతుందో చెప్పే ఈ కొలతను ప్రకటించారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, చేతులు కాళ్ళు కదపడానికి 6. మొత్తం 15. అసలేమీ స్పందించని మనిషికి కూడా 3 వస్తాయి, సున్నా ఉండదు. 13 నుంచి 15 అయితే తేలిక, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్రం. ఒక్కసారి చూసిన అంకె కన్నా అంకె ఎటు కదులుతోందన్నది ముఖ్యం. చిక్కబళ్ళాపురంలో 13 ఉన్న మనిషికి దేవనహళ్ళిలో 9 ఉంటే, సర్జన్‌కు స్కాన్ చూడకముందే సగం సంగతి అర్థమవుతుంది.

ఇక డాక్టరు నోట వచ్చే ‘ఫిఫ్టీ ఫిఫ్టీ’. దేనికి యాభై? బతకడానికా, లేచి తిరగడానికా? ఈ రెండూ వేర్వేరని చాటిన పరిశోధన ఒకటుంది. మెదడు బాగా వాచి మందులకు లొంగనప్పుడు, పుర్రెలో అరచేయి పట్టేంత ముక్కను తీసి వాపుకు చోటిస్తారు. మన ఆసుపత్రుల్లో ఆ ఎముకను చాలాసార్లు రోగి పొట్ట చర్మం కింద, కొవ్వులో దాచిపెడతారు. కొన్ని నెలల తర్వాత తీసి మళ్ళీ తలకు అమరుస్తారు. ‘పుర్రె ముక్క పొట్టలో పెట్టారంట’ అని బంధువులు ఒకరికొకరు చెప్పుకునేది దీని గురించే. ఈ ఆపరేషన్ వల్ల మేలెంత? 2016లో వెలువడిన రెస్క్యూ ఐసీపీ పరిశోధన 408 మందితో దీన్ని తేల్చి చూసింది. ఆరు నెలల నాటికి, మందులతోనే చికిత్స పొందినవాళ్ళలో నూటికి 49 మంది చనిపోయారు. ఆపరేషన్ జరిగినవాళ్ళలో 27 మంది. నూటికి 22 ప్రాణాలు నిలిచాయి. ఏ చికిత్సకైనా ఇది గొప్ప విజయం.

ఆ అదనపు 22 మంది ఎలా ఉన్నారో చూడండి. ఆరుగురు కళ్ళు తెరిచినా లోకం తెలియని స్థితిలో ఉన్నారు. ఏడెనిమిది మందికి ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ తోడుండాలి. మరో ఏడుగురు ఇంట్లో తమ పని తాము చేసుకోగలరు, ఒంటరిగా బయటికి వెళ్ళలేరు. బజారుకు వెళ్ళి రాగలిగే స్థాయికీ, పూర్తిగా కోలుకునే స్థాయికీ చేరినవాళ్ళ సంఖ్య రెండు వర్గాల్లోనూ దాదాపు ఒక్కటే, నూటికి 27 మంది. ఆపరేషన్ చావును ఆపింది. బాగుపడే అవకాశాన్ని ఆ ఆరు నెలల్లో పెద్దగా పెంచలేదు. అయితే కథ అక్కడితో ఆగలేదు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో తన పని తాను చేసుకోగలిగిన స్థాయికో, అంతకన్నా మెరుగైన స్థాయికో చేరినవాళ్ళు ఆపరేషన్ వర్గంలో 45 శాతం, మందుల వర్గంలో 32 శాతం. మెదడు ఆరు నెలలకు ఆగిపోదు. ఆ రెండో ఆరు నెలల్లో ఎవరు నడిపించారు, ఎవరు మాట్లాడించారు, ఎవరు పథ్యం చూశారు అన్నవన్నీ ఇందులో కలిసే ఉంటాయి.

ఈ లెక్క కుటుంబానికి ముందే చెప్పాలి. ‘హై రిస్క్ కన్సెంట్’ కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం చెప్పినట్టు కాదు. తండ్రి ఒప్పుకున్నా వద్దన్నా తప్పు లేదు. తెలియకుండా నిర్ణయం తీసుకోవాల్సి రావడమే తప్పు.

చికిత్స చేయడమే మేలనుకునే అలవాటుకు గట్టి గుణపాఠం కూడా ఒకటుంది. తల గాయానికి వాపు తగ్గుతుందని దశాబ్దాల పాటు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వాడారు. క్రాష్ అనే ప్రయోగం 10,008 మందిని తీసుకుని పరీక్షించింది. 2004లో వచ్చిన ఫలితం: రెండు వారాల్లో స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో 21.1 శాతం మంది, తీసుకోనివాళ్ళలో 17.9 శాతం మంది చనిపోయారు. మేలనుకున్న మందు ఏళ్ళ తరబడి మనుషుల్ని చంపింది. పరీక్షించి చూడకపోతే ఇప్పటికీ చంపుతూ ఉండేది.

పెద్దవాళ్ళ విషయం క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. డెబ్భై దాటిన తాత స్నానాల గదిలో జారి తల తగిలించుకుంటాడు. అప్పుడేమీ కాదు. మూడు నాలుగు వారాలకు మాట తడబడుతుంది, ఒక కాలు ఈడుస్తాడు, మనవడి పేరు మర్చిపోతాడు. ‘వయసు మీద పడింది’ అంటారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మెదడు మీద మెల్లగా చేరిన పాత రక్తం ఇది. పుర్రెకు చిన్న రంధ్రం వేసి తీసేస్తారు. ఆ తర్వాత ఒక గొట్టం ఉంచితే మళ్ళీ చేరడం 24 శాతం నుంచి 9 శాతానికి తగ్గిందని 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధన చూపింది. మతిమరుపు హఠాత్తుగా మొదలైతే ఒక స్కాన్ తీయించండి.

వెన్నుపాము దగ్గర

వెన్నుపాము మన చిటికెన వేలంత మందం. మెడ నుంచి దిగి నడుము మొదట్లోనే అయిపోతుంది, కింద నరాల కట్ట మాత్రమే ఉంటుంది. అందుకే మెడ దగ్గర తెగితే నాలుగు అవయవాలూ పడిపోతాయి. మరీ పైన తెగితే ఊపిరి తీసే కండరానికి కూడా ఆజ్ఞ అందదు. సారవ మీంచి పడ్డ మేస్త్రీ, తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికుడు, బావిలోకి తలకిందులుగా దూకిన కుర్రాడు, మన దగ్గర వెన్ను విరిగేది ఎక్కువగా వీళ్ళకే. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో మోకులూ బెల్టులూ ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఇందుకే.

పడ్డవాణ్ణి నలుగురు చేరి చేతులూ కాళ్ళూ పట్టుకుని ఎత్తడం మనకు అలవాటు. విరిగిన పూస అంచు మిగిలిన నరాన్ని నలిపేది అప్పుడే. తలా మెడా వెన్నూ ఒకే వరుసలో కదలకుండా ఉంచి, చెక్క మీదకో తలుపు మీదకో అందరూ ఒకేసారి జరపాలి. ఆసుపత్రి చేరాక కూడా గడియారం ఆగదు. 2012లో స్టాసిస్ అనే పరిశోధన మెడ దెబ్బ తగిలిన 313 మందిని గమనించింది. 24 గంటల లోపల ఒత్తిడి తొలగిస్తే కదలిక, స్పర్శల కొలతలో రెండు మెట్లు లేదా అంతకు మించి మెరుగైనవాళ్ళు 19.8 శాతం, ఆలస్యమైతే 8.8 శాతం. మెరుగే, కానీ ఆ పెద్ద అంకె కూడా ఐదింట ఒక్కటి మాత్రమే.

మరి మిగిలినవాళ్ళు? ఇక్కడ సర్జన్ పని అయిపోతుంది, ఇంటివాళ్ళ పని మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముందు దాకా వెన్నుపాము తెగినవాళ్ళలో చాలామంది ఏడాది రెండేళ్ళలో చనిపోయేవారు. గాయం వల్ల కాదు, పడక పుండ్ల వల్ల, మూత్రం ఇన్‌ఫెక్షన్ వల్ల. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లూడ్విగ్ గట్మన్ అనే నరాల డాక్టరు కొత్త కత్తి ఏదీ కనిపెట్టలేదు. రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పించాడు, మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయించాడు, ఆటలాడించాడు. 1948లో ఆ ఆసుపత్రి పచ్చికలో జరిపిన పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి. చావు ఖాయమనుకున్న మనుషులను బతికించింది ఆ తిప్పడమే.

మనకు దగ్గర్లోనే ఇంకో మనిషి ఉండేది. చిత్తూరు జిల్లావాళ్ళకు బెంగళూరు కన్నా వేలూరే దగ్గర. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో పనిచేస్తున్న యువ డాక్టరు మేరీ వర్గీస్‌కు 1954 జనవరిలో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద ఏ కదలికా మిగల్లేదు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే, డాక్టర్ పాల్ బ్రాండ్ దగ్గర నేర్చుకుని, కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం చదివొచ్చి, సీఎంసీలో ఆ విభాగాన్ని నడిపించింది. 1972లో పద్మశ్రీ అందుకుంది. ఆమె కాళ్ళు చివరిదాకా కదలలేదు. ఆసుపత్రి రిపోర్టు ప్రకారం ఆమె ఫలితం శూన్యం. ఆమె బతుకును ఆ రిపోర్టుతో కొలవగలమా?

ఇలా లేపి నిలబెట్టే చోట్లు మనకు మరీ తక్కువ. బెంగళూరులో 1959లో ఎన్.ఎస్. హేమ స్థాపించిన అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసబిలిటీ వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు శిక్షణ ఇస్తోంది. ఊళ్ళలో మాత్రం డిశ్చార్జి కాగితంతో ఇంటికొచ్చిన కుర్రాడు గోడవైపు తిరిగి పడుకుంటాడు. మూడు నెలలకు నడుము కింద పుండు పడుతుంది, ఆరు నెలలకు జ్వరం పట్టుకుంటుంది. ఆపరేషన్ బాగానే జరిగిందని అందరూ చెబుతూనే ఉంటారు.

నడుము నొప్పికి చేసే మామూలు డిస్క్ ఆపరేషన్ మీద ఉన్న భయం, ‘చేయించుకుంటే కాళ్ళు పడిపోతాయి’ అన్నది, ఈ కథలన్నీ కలిసి పుట్టించినదే. డిస్క్ జారి కాలులోకి లాగే నొప్పి చాలామందిలో మూడు నెలల్లోగా ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కాబట్టి తొందర అవసరం లేదు. మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా మాత్రం అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్ళాలి. కాళ్ళు పోయేది ఆ ఆలస్యంతో.

రోడ్డు మీదకి వెళ్ళేముందు

ఇన్ని థియేటర్లూ ఇన్ని స్కాన్లూ చేయలేని పనిని ఒక వస్తువు చేస్తుంది. హెల్మెట్ తల గాయం ముప్పును 69 శాతం, చావును 42 శాతం తగ్గిస్తుందని ప్రపంచవ్యాప్త పరిశోధనలను గుదిగుచ్చిన కోక్రేన్ సమీక్ష 2008లో తేల్చింది. దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, వాళ్ళలో 50,029 మంది హెల్మెట్ పెట్టుకోని ద్విచక్ర వాహనదారులూ వెనక కూర్చున్నవాళ్ళూ. బెంగళూరులో 2016 జనవరి నుంచి వెనక కూర్చున్నవాళ్ళకూ హెల్మెట్ తప్పనిసరి చేశారు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే, పడినప్పుడు హెల్మెట్ తలకన్నా ముందే ఎగిరిపోతుంది.

ఇంకో సంగతి. రోడ్డు మీద పడ్డవాణ్ణి ఆసుపత్రికి చేర్చిన మనిషిని పోలీసులు వేధించకూడదని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా అది చేరింది. 2025 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స పథకం అమల్లోకి వచ్చింది. డబ్బు లేదనో, కేసవుతుందనో ఆగాల్సిన పని లేదు.

చివరగా ఒక విన్నపం. మీవాళ్ళను అనంతపురం నుంచో, పెనుకొండ నుంచో బెంగళూరుకు పంపేటప్పుడు రిఫరల్ కాగితం మీద నాలుగు సంగతులు రాయించుకోండి: దెబ్బ తగిలిన సమయం, మొదట చూసినప్పటి జీసీఎస్, బీపీ, ఆక్సిజన్ ఎంత ఉందన్నది. స్కాన్ ఫిల్ము వెంట తీసుకెళ్ళండి. అవతలి డాక్టరుకు ముందే ఫోన్ చేయించండి. ఆ కాగితం రాయించుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. అడగకపోతే ఎవరూ రాయరు, కాబట్టి అడగండి.